తలంబ్రాల స్లో మోషన్

కోరుట్ల,
8 జూలై 2024

భాగ్యా,

దీవెనలు చివర్లో ఇస్తాను, ముందు తిట్లు తీసుకో. నేను రెండు ఉత్తరాలు రాస్తే నువ్వు ఒక్కటి రాస్తావు, అందులోనూ సగం హాస్టల్ సాంబారు గురించే. మీ క్రీడా హాస్టల్లో ఫోన్లు ఇవ్వరు. ఆదివారం ఆ కాసేపు మాట్లాడనిస్తే అమ్మ "తిన్నవా బిడ్డా, తలకు నూనె వెట్టుకున్నవా" తోనే సరిపెడుతుంది. అన్నగా నా వంతుకు మిగిలింది ఈ పోస్టు కవరే కదా.

ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు. నరేశన్న పెళ్లి వీడియోల స్టూడియోలో ఇద్దరం ఈగలు తోలుకుంటున్నాం. ఆ తీరికలోనే మే నెలలో నేను తీసిన నీ ఈత వీడియోను కంప్యూటర్లో పెట్టుకుని కూర్చున్నాను. ఈత పోటీల కోసమే ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. దాంట్లో బొమ్మ మీద గీతలు గీయవచ్చు, ఒక్కో బారకు నువ్వెంత దూరం జారుతున్నావో కొలవవచ్చు. పోయేటప్పుడు చేతులు చాచి హాయిగా జారుతున్నావు. గోడ ముట్టి తిరిగాక, సగం దూరం దాటగానే జారడం మానేసి నీళ్లను కొట్టడం మొదలుపెడుతున్నావు. పక్క లైనులో ఎవరున్నారో చూసి భయపడుతున్నావని నా అనుమానం. నీ బార నువ్వు వేసుకో. పక్కవాళ్ల సంగతి నేను పైనుంచి చూసుకుంటాను.

పోయిన వారం సిరిసిల్ల పోయినప్పుడు ఇంట్లో అందరికీ ఆ వీడియో చూపించాను. బాపు మరమగ్గం సాంచల మీంచి లేచి వచ్చి మరీ చూశాడు. కాసేపు చూసి దిగులుగా, "గింత నిదానంగ ఈదితె ఎట్ల గెలుస్తదిరా" అన్నాడు. అది స్లో మోషన్ అని నేను చెప్పేలోపే బాపమ్మ అందుకుంది: "కప్పీత గట్లనే ఉంటది తీ, కప్పలు ఉరుకుతయా?"

ఇరవై ఒకటో తేదీ సెలక్షన్‌కు రెండు కెమెరాలతో వస్తున్నాను. ఒకటి పైనుంచి, ఒకటి మలుపు గోడ దగ్గర. ఎక్కడ బాగా చూడాలో నువ్వే చెప్పు.

ఇప్పుడు తీసుకో దీవెనలు.

నీ అన్న,
క్రాంతి

హైదరాబాద్, హాస్టల్,
13 జూలై 2024

అన్నా,

నీ తిట్లు అందాయి, దీవెనలు ఇంకా దారిలో ఉన్నట్లున్నాయి. సాంబారు గురించి ఈసారి రాయను. నిన్న గోరింటాకు పెట్టుకున్నాం. హాస్టల్ వెనక చెట్టుంది. ఆకు కోసి, బట్టలుతికే రాయి మీద నూరాం. రూములో అందరికీ నేనే పెట్టాను. మనస్విని తన పది గోళ్లకూ పెట్టించుకుని, తెల్లారేదాకా చేతులు కదిలించకుండా పడుకుంది. పొద్దున చూస్తే అందరికంటే తనకే ఎర్రగా పండింది. "నీకు మంచి మొగుడస్తడే" అని అందరూ ఏడిపిస్తే, "మెడల్ అస్తె సాలు" అంది.

మనస్విని నీకు గుర్తుందా? మన సిరిసిల్ల దగ్గరి బోయినపల్లి ఊరి ప్రభాకర్ రావు గారి మనుమరాలు. వాళ్ల అత్త పెళ్లికి మీరే వీడియో తీశారు. నా పక్క మంచమే. వాళ్లింటి నుంచి వచ్చే మామిడికాయ తొక్కు మా ఇద్దరి మధ్యే ఉంటుంది, సీసా తన పెట్టెలో, చెంచా నా పెట్టెలో. వాళ్ల పొలం బావిలో ఈత నేర్చుకుందట. నీళ్లలో దానికి తొందరనేదే లేదు. ప్రతిసారీ నాకంటే ఒక మూరెడు ముందు ఉంటుంది. ఆ మూరెడే నాకు దొరకడం లేదు.

ఈసారి మా ఈతకు మన రాష్ట్రం నుంచి ఒక్కరినే జాతీయ పోటీలకు తీసుకుంటారు. అంటే తనో, నేనో.

ఎక్కడ చూడాలో అడిగావు కదా. కప్ప ఈతలో గోడను రెండు చేతులతో ఒకేసారి ముట్టాలి, ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక అయితే ఆ ఈత లెక్కలోకి రాదు. అలసినప్పుడు మనస్విని ఎడమ చెయ్యి ఒక్కోసారి ఆలస్యం అవుతుంది. కోచ్ మేడమ్ రెండుసార్లు తిట్టింది కూడా. మలుపు గోడ దగ్గర బాగా చూడు.

ఇది రాయవచ్చో లేదో తెలియదు. రాశాక కొట్టేద్దామనుకున్నాను, ఉత్తరం పాడవుతుందని ఉంచేశాను.

నీ చెల్లె,
భాగ్యశ్రీ

కోరుట్ల,
24 జూలై 2024

జాతీయ పోటీల ఈతగత్తె భాగ్యశ్రీ గారికి,

ఇకమీదట ఇట్లాగే రాయాలని బాపు ఆర్డర్. సిరిసిల్లలో మన గల్లీ మొదట్లో నీ ఫ్లెక్సీ కట్టారు. సాంచల ఓనర్లందరూ కలిసి కట్టించారు. ఫోటోలో నువ్వు నవ్వడం లేదని అమ్మకు ఒక్కటే బాధ. "పోరి గెలిశినంక గూడ మొఖం గట్ల వెట్టుకున్నదేంది" అని అందరినీ అడుగుతోంది. నిజమే, మెడ మీద తువ్వాలు వేసుకుని ఎవరో తిట్టినట్లు నిలబడ్డావేమిటి?

ఆ రోజు నువ్వు నీళ్లలోంచి లేచి వచ్చేసరికే గొడవ మొదలైంది, జరిగింది నీకు మొత్తం తెలియదు. విను. మనస్విని ముందు, నువ్వు వెనక. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం నీ ఉత్తరంలో మాటే చెవిలో మోగుతోంది. మలుపు కెమెరా కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాను. తాళి కట్టిన గంటలోపే విందు దగ్గర తెర మీద వీడియో వేసేవాళ్లం, ఇది మాకో పనా? తలంబ్రాలకు వాడే స్లో మోషనే పెట్టాను. బియ్యపు గింజ గాలిలో తేలుతూ కిందకి దిగేది చూస్తుంటావు కదా పెళ్లి వీడియోల్లో, అదే. మనస్విని గోడకు రావడం నూలు పోగులా సాగింది. కుడి చెయ్యి ఎర్ర గోళ్లతో గోడ మీద ఉంది. ఎడమ చెయ్యి లేదు. నురగ, నురగ, తర్వాత వచ్చింది.

పరుగున పోయి మీ కోచ్ మేడమ్‌కు చూపించాను. ఆమెకు ఇద్దరూ ఒకటే కదా, మొదట వద్దంది. "రూల్ రూలే కద మేడమ్" అన్నాను. ఫిర్యాదు రాసిచ్చింది. బయటివాళ్ల వీడియో వాళ్లు చూడాల్సిన పని లేదట, అయినా రెఫరీ సార్ చూశాడు. గోడ దగ్గర కూర్చున్న జడ్జి, "నాకైతె అనుమానం రాలె" అన్నాడు. కంటితో చూసినవాడికి రాదు, అందుకే కదా వీడియో. మనస్విని ఈతను లెక్కలోంచి కొట్టేశారు. నీ పేరు పైకి వచ్చింది.

ఆ పిల్ల ఏడ్చింది, చూశాను. ఏం చేస్తాం? వాళ్లకు లేనిదేముంది, ఈ ఒక్కటి పోతే దాని ఇంట్లో పొయ్యి ఆగదు. మన బాపు ఆ రోజు మొదటిసారి సాంచలు బంద్ చేసి గల్లీకి మిఠాయి పంచాడు.

నవ్వు, తల్లీ. ఇంకో ఫోటో తీయాలి.

నీ అన్న, నీ వీడియో మాస్టర్,
క్రాంతి

హైదరాబాద్, హాస్టల్,
1 ఆగస్టు 2024

అన్నా,

ఫ్లెక్సీ తీసేయమని బాపుకు చెప్పవా? వానకు పాడవుతుంది.

మనస్విని వెళ్లిపోయింది. వాళ్ల తాత వచ్చి తీసుకుపోయాడు. మేడమ్ ఆపాలని చూసింది, వచ్చే ఏడాది ఉంది కదా అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "దొంగాట ఆడిందనే పేరు నా ఇంట్ల ఎవ్వలకు లేదు మేడమ్. సాలు ఇగ. సదువుకుంటది" అన్నాడు. జగిత్యాలలో ఇంటర్ కాలేజీ హాస్టల్లో వేస్తారట. అక్కడ ఈత లేదు, కొలను లేదు. తను పెట్టె సర్దుకుని, పోయేటప్పుడు తొక్కు సీసా నా మంచం మీద పెట్టి పోయింది. దాన్ని ముట్టబుద్ధి కావడం లేదు.

ఆ రోజు రెఫరీ సార్ నన్ను కూడా పిలిచి అడిగిన సంగతి నీకు తెలియదనుకుంటా. "పక్క లైన్ల నువ్వేగద, నీకేమన్న కనవడ్డదా?" అన్నాడు. "నీళ్లల్ల ఏం కనవడలె సార్" అన్నాను. అప్పుడు మనస్విని నా ఎదురుగానే నిలబడి ఉంది.

అన్నా, ఒక్క సాయం చెయ్యి. ఆ వీడియో ఇంకొకసారి చూడు. తీరిగ్గా చూడు. నిజంగా ఒక్క చెయ్యేనా?

ఇక్కడ వానలు. నీళ్లు చల్లగా ఉంటున్నాయి.

భాగ్య

కోరుట్ల,
12 ఆగస్టు 2024

పిచ్చి భాగ్యా,

శ్రావణం వచ్చింది. ఆషాఢంలో తోలిన ఈగలన్నీ పెళ్లిళ్లై తిరిగొచ్చాయి. మెట్‌పల్లిలో ఒకటి, కోరుట్లలోనే రెండు. నిద్ర లేదు, తిండి లేదు, ఎక్కడికి పోయినా పూలదండ వాసనే. నిన్న పెళ్లికూతురు మేనమామ ఒకడు ఫోటోలన్నిట్లో మూతి ముడిచి ఉన్నాడు. నరేశన్న వేరే చోట నుంచి వాడి నవ్వు తీసి అతికించాడు. "పెండ్లి వీడియోల ఉన్నది సూపియ్యం తమ్మీ, ఉండాల్సింది సూపిస్తం" అని పాఠం కూడా చెప్పాడు. నీ ఫ్లెక్సీ ఫోటోకూ అదే వైద్యం చేద్దామా?

వీడియో మళ్లీ చూడమన్నావు. ఎందుకు చూడాలి? ఆ రోజు రెఫరీ మూడుసార్లు చూశాడు, మేడమ్ చూసింది. మనుషులు అబద్ధమాడతారు, వీడియో ఆడదు. నీకు పక్క మంచం ఖాళీగా ఉండేసరికి బెంగ పట్టుకుంది, అంతే. నువ్వేం తప్పు చేశావు? నీళ్లలో కనపడలేదు, కనపడలేదన్నావు. ఆ చెయ్యి సంగతి చూసుకోవాల్సింది ఆ పిల్ల.

అమ్మ కారప్పూస చేసి పంపింది, ఈ ఉత్తరంతో పాటే పార్సిల్ వస్తుంది. ఆ తొక్కుతో నంజుకుని తిను. తొక్కు ఏం పాపం చేసింది?

నీ అన్న,
క్రాంతి

హైదరాబాద్, హాస్టల్,
17 ఆగస్టు 2024

అన్నా,

కారప్పూస అందింది, అందరూ తిన్నారు.

నువ్వంత గట్టిగా చెప్పావు కాబట్టి ఇక అడగను. నీ వీడియోకు తెలిసినంత నా కళ్లకు తెలుస్తుందా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. పొద్దున నీళ్లలోకి దిగేటప్పుడు ఒకసారి, గోడ దగ్గర ఒకసారి చెప్పుకుంటాను. అయినా గోడ దగ్గరకు రాగానే చేతులు ఆగిపోతున్నాయి. మేడమ్ నా టైము చూసి, "ఏమైందే నీకు, పోయిన నెల కంటె ఎనుకకు పోతున్నవు" అంది. ఒంట్లో బాగా లేదన్నాను.

సెప్టెంబరు మొదట్లో పేర్లు పంపేస్తారట. కొలతలు తీసుకుని కోటు కుట్టిస్తున్నారు. వెనక మన రాష్ట్రం పేరు ఉంటుంది. బాపుకు చెప్పు, సంతోషపడతాడు.

భాగ్య

కోరుట్ల,
25 ఆగస్టు 2024

భాగ్యా,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

మొన్న ఒక పెళ్లి వీడియో ఇచ్చాం. మరునాడే పెళ్లికూతురు తల్లి స్టూడియోకు వచ్చి గొడవకు దిగింది. "తలంబ్రాలు పోసేటప్పుడు నా బిడ్డ చేతికి గాజులేవి? నలుగురు సూత్తె ఏమనుకుంటరు? మంగళం కాదు గద!" అని. చూస్తే నిజమే. బియ్యం పోసే చెయ్యి బోసిగా ఉంది. అసలు కెమెరాలోది తీసి చూస్తే నిండుగా గాజులున్నాయి. నరేశన్న నవ్వి, "స్లో మోషన్ల అంతేరా. ఉన్న బొమ్మలు సాలవు గద, రెంటి నడుమ లేనిదాన్ని కంప్యూటరే ఊహించి పెడ్తది. బియ్యం అడ్డమచ్చినకాడ గాజులు దానికి తెల్వక మింగేసింది" అన్నాడు.

 ఇన్నేళ్లుగా వాడుతున్నాను, అది ఎట్లా పని చేస్తుందో ఏనాడూ అడగలేదు. బియ్యం అందంగా రాలితే చాలనుకున్నాను.

మలుపు వీడియో, కెమెరాలో పడినది పడినట్లుగా తీసి చూశాను. ఒక బొమ్మలో మనస్విని రెండు చేతులూ ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. ఆ వెంటనే బొమ్మలో రెండు చేతులూ గోడ మీద ఉన్నాయి. పక్కపక్కనే, పది ఎర్ర గోళ్లూ. మధ్యలో ఒంటి చెయ్యి బొమ్మ ఎక్కడా లేదు. నురగను చూసి కంప్యూటర్ దాన్ని తయారు చేసింది. నేను దాన్ని తీసుకెళ్లి రెఫరీకి చూపించాను. ఆ పిల్ల నిజంగా ఈదిన ఈతను నేను లేకుండా చేశాను.

నిన్న బోయినపల్లి దాకా పోయాను. ప్రభాకర్ రావు గారి ఇంటి ముందు బండి ఆపాను. వాళ్లింటి పెళ్లికి వారం రోజులు అక్కడే తిన్నాను, వాకిట్లో ప్రతి రాయీ తెలుసు. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, "రా తమ్మీ, ఏం పని మీద అచ్చినవ్?" అన్నాడు. ఇటువైపు పెళ్లి ఉందని అబద్ధమాడి, నీళ్లు తాగి వచ్చేశాను. నాలాంటి వెధవ ఇంకొకడు ఉంటాడా?

నరేశన్నకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. బాపు నిన్న కూడా ఫ్లెక్సీ మీద దుమ్ము తుడిచాడట. చెబితే నీ కోటు పోతుంది, జాతీయ పోటీ పోతుంది. నువ్వు ఏ పాపమూ ఎరుగవు. తప్పంతా నాది. మళ్లీ చూడమని నువ్వు బతిమాలితే, తొక్కుతో కారప్పూస తినమన్న మూర్ఖుడిని. ఏం చేయాలో నువ్వే చెప్పు. వద్దంటే నోరు మూసుకుంటాను. ఎన్నాళ్లు మూసుకోగలనో మాత్రం తెలియదు.

క్రాంతి

హైదరాబాద్, హాస్టల్,
29 ఆగస్టు 2024

అన్నా,

నీ ఉత్తరం చదివి నేను ఏడవలేదు. ముందు ఊపిరి తీసుకున్నాను. ఎందుకో చెబుతాను, చెప్పాక నన్ను ఏమన్నా అను.

నేను చూశాను.

ఆ రోజు గోడకు వస్తున్నప్పుడు మనస్విని నాకంటే మూరెడే ముందుంది. నీళ్లలో తల దించి ఉన్నాను, కళ్లకు అద్దాలున్నాయి. పక్క లైనులో రెండు చేతులూ ఒక్కసారే గోడకు తగిలాయి. పది ఎర్ర గోళ్లు. నేను నా చేతులతో పెట్టిన గోరింటాకే, నాకు తెలియదా? రెఫరీ సార్ అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. అప్పుడే నువ్వు అవతల దూరంగా లాప్‌టాప్ పట్టుకుని, ముఖమంతా చెమటతో, నా వైపు చూసి నవ్వావు. నా చెల్లె కోసం సాధించాను అన్నట్లున్నావు. కనపడలేదన్నాను. ఆ మాట నీ మీద ప్రేమతో అన్నానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ ఆ క్షణంలో నాకు గెలవాలని ఉంది, అన్నా. ఆ మూరెడు ఎవరో తెచ్చి నా చేతిలో పెడుతుంటే కాదనలేకపోయాను.

నిన్ను మళ్లీ చూడమన్నది కూడా మంచితనం కాదు. నువ్వే పట్టుకుంటే నేను చెప్పే పని ఉండదని. వీడియో అబద్ధమాడదని నువ్వు రాస్తే, పోనీ నా కళ్లే తప్పేమోనని ఎంత నమ్మాలని చూశానో. ఎక్కడ చూడాలో నీకు చెప్పిందీ నేనే. తప్పంతా నాదని నువ్వొక్కడివే మోసుకుని తిరుగుతుంటే నేను చదువుతూ ఊరుకోలేను. నీకు తెలియక జరిగింది. నాకు తెలిసే జరిగింది.

పొద్దున నీ ఉత్తరం పట్టుకుని కోచ్ మేడమ్ దగ్గరికి పోయాను. మొత్తం చెప్పాను. ఆమె చదివి, కాగితం బల్ల మీద పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. "పేర్లు ఇంక పోలె. మీ అన్నను అసలు వీడియో వట్టుకొని రమ్మను. నేను పెద్దసార్లతోని మాట్లాడ్త" అంది. నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచి, "కోటు అక్కడ పెట్టి పో" అంది. మొన్ననే కుట్టి ఇచ్చిన కోటు అది, వేసుకునే పోయాను. విప్పి పెట్టి వచ్చాను.

నువ్వు వచ్చేముందు బోయినపల్లి పో. అరుగు దగ్గర నుంచి తిరిగి రాకు. వీడియోలో తేలిందని మాత్రమే చెప్పకు. నా చెల్లె చూసింది, చూసి చెప్పలేదు అని చెప్పు. నేనే రావాలి, నాకు తెలుసు, మేడమ్ పంపడం లేదు. బాపుకు కూడా నువ్వే చెప్పాలి. ఎట్లా చెబుతావో.

నా గోళ్ల మీద గోరింటాకు పెరిగి చివరకు వచ్చింది. ఇంక కత్తిరిస్తే పోతుంది. కత్తిరించలేదు.

భాగ్య

కోరుట్ల,
3 సెప్టెంబరు 2024

భాగ్యా,

పేర్లు పోకముందే అందాలని, బోయినపల్లి కంటే ముందే మేడమ్ చేతికి వీడియో ఇచ్చి, నిన్ను చూడకుండానే వచ్చేశాను. కోపంతో అనుకోకు. ఎదురుగా నిలబడితే ఇద్దరం ఏడవడం తప్ప ఏమీ చేయలేం. పెద్దసార్లు వీడియో చూశారు. మనస్విని ఈత ఒప్పుకున్నారు, నీ పేరు తీసి ఆమె పేరు పంపుతున్నారు. నీ సంగతి ఇంకా తేల్చలేదు. ఈ ఏడాదికి నిన్ను ఏ పోటీకీ పంపకపోవచ్చునని మేడమ్ అంది. హాస్టల్లో మాత్రం ఉంచుతానంది.

సిరిసిల్లలో ముందు బాపుకు చెప్పాను. సాంచలు ఆపకుండానే విన్నాడు. వినపడిందో లేదో అనుకున్నాను. సాయంత్రం గల్లీ మొదటికి తానే పోయి ఫ్లెక్సీ విప్పుకుని వచ్చి, నీ బొమ్మ లోపలికి వచ్చేటట్లు మడిచి, వానకు తడవకుండా నూలు బేళ్ల మీద కప్పాడు. రాత్రి అన్నం దగ్గర ఒక్కమాటే అన్నాడు: "పోరి జెప్పింది గద. నువ్వు జెప్పకుంటె గూడ చెప్పునా?" నాకు తెలియదన్నాను. నీకైనా తెలుసా?

బోయినపల్లిలో ఈసారి అరుగు ఎక్కాను. ప్రభాకర్ రావు గారు మొత్తం విన్నాడు. నన్ను కొడతాడేమో, కొడితే బాగుండు అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుస్తూ కూర్చున్నాడు. "పోరి ఆ దినమే జెప్పింది తమ్మీ, 'తాతా, నేను రెండు చేతులు పెట్టిన' అని. వీడియోల కనవడ్తుంటె నువ్వు గట్లెట్ల అంటవని నేనే గదిమిన. నీ వీడియో డబ్బాను నమ్మిన గని నా మనుమరాలిని నమ్మలె" అన్నాడు. తర్వాత నన్ను కారెక్కించుకుని జగిత్యాల పోనిచ్చాడు. 

కాలేజీ హాస్టల్లో కలిసే గదిలో మనస్విని వచ్చి కూర్చుంది. జాతీయ పోటీలకు తన పేరే పంపుతున్న సంగతి తాత చెబుతుంటే తల దించుకుని వింది. ఆయన లేచి అవతలికి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను నా తప్పు చెప్పాను. కంప్యూటర్ లేని చెయ్యిని ఎట్లా చేసిందో చెప్పబోతే, "అది ఇడిశిపెట్టుండ్రి" అంది. అప్పుడు నీ మాట చెప్పాను. భాగ్య చూసింది, చూసి చెప్పలేదు, ఆ మాట చెప్పమంది అన్నాను. ఆ పిల్ల ఆశ్చర్యపోతుందని, కోపం వస్తుందని సిద్ధపడే పోయాను. ఆమె తల ఎత్తి నా వైపు నెమ్మదిగా చూసింది.

"నాకెరుకే అన్నా. గోడ ముట్టి మలిగేటప్పుడు నా మొఖం ఆమె దిక్కే ఉంటది గద. నీళ్లల్ల ఆమె కండ్లు నా చేతుల మీదనే ఉండె. రెఫరీ సార్ అడిగినప్పుడు గిప్పుడు చెప్తదనుకున్న. పెట్టె సదురుకునేటప్పుడు గూడ చెప్తదేమోనని మెల్లగ సదురుకున్న."

 ఆమె సోమవారం హాస్టల్‌కు వస్తోంది. నీ పక్క మంచం తనకే ఇస్తారట. తొక్కు సీసా మూత తీశావో లేదో అడగమంది.

నీ అన్న,
క్రాంతి